గెటిస్‌బర్గ్‌లో కంచె కట్టాను: ఒక యుద్ధభూమిని బాగుచేసే పనిలో నా అనుభవం

మేం ఉండేది పెన్సిల్వేనియాలో, హ్యారిస్‌బర్గ్ పక్కన మెకానిక్స్‌బర్గ్‌లో. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, చాలామంది నాలాగే స్టేట్ గవర్నమెంటు ప్రాజెక్టుల్లో ఐటీ పనులు చేసేవాళ్ళే. ఊరి నుంచి పెద్దవాళ్ళు వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలా అని ఆలోచించక్కర్లేదు, ఒక శనివారం చాక్లెట్ల ఊరు హెర్షీ, ఇంకో శనివారం గెటిస్‌బర్గ్. కారులో ముప్పావుగంట. నేనూ మొదటిసారి అలాగే అత్తయ్యగారినీ మామయ్యగారినీ తీసుకుని వెళ్ళాను. ఫిరంగుల దగ్గర ఫోటోలు దిగాం, కట్టుకెళ్ళిన పులిహోర తిన్నాం, చీకటి పడకముందే వచ్చేశాం.

రెండోసారి మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం వెళ్ళాం. అప్పుడు కనపడ్డాయి, ఒక పొలం అంచున వరసగా చెట్ల మొదళ్ళు. చిన్న చెట్లేం కాదు, కొన్ని నా రెండు చేతులకీ అందనంత లావు. పచ్చని చెట్టు మీద గొడ్డలి వేయకూడదని చెప్పి పెంచారు మమ్మల్ని. నేషనల్ పార్కులో, అదీ ప్రభుత్వమే, ఇలా నరికేయడం ఏంటని నాకు నిజంగా కోపం వచ్చింది. అక్కడ కనపడిన రేంజర్ని ఆపి అడిగేశాను. ఆవిడ చాలా ఓపిగ్గా ఒక్కటే మాట చెప్పింది, "1863లో ఈ చెట్లు ఇక్కడ లేవు" అని. నాకు అర్థం కాలేదు. లేకపోతే ఏం? ఇప్పుడు ఉన్నాయి కదా?

ఆ ప్రశ్నకి జవాబు తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలోనే నేను అక్కడ వాలంటీరుగా చేరాను.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా: బానిసత్వం విషయంలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు తలపడ్డ అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలై 1, 2, 3 తేదీల్లో ఇక్కడ పోరు జరిగింది. ఉత్తరాది సైన్యానికి జనరల్ మీడ్, దక్షిణాది సైన్యానికి జనరల్ లీ. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, పట్టుబడ్డవాళ్ళు, ఆచూకీ లేనివాళ్ళు అందరూ కలిపి రెండు వైపులా దాదాపు 51,000 మంది. అప్పటికి ఆ ఊరి జనాభా 2,400. నవంబరులో సైనికుల శ్మశానవాటికను అంకితం చేస్తూ అధ్యక్షుడు లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం అని పేరుపడ్డ ఆ చిన్న ప్రసంగం చేసింది ఇక్కడే.

ఇప్పుడు చెట్ల సంగతి. యుద్ధం జరిగిన రోజుల్లో ఇదంతా రైతుల భూమి. గోధుమ చేలు, పచ్చికబీళ్ళు, యాపిల్, పీచ్ తోటలు, కంచెలు, మధ్యమధ్యలో వంటచెరకు కోసం ఉంచుకున్న చిన్న అడవి ముక్కలు. ఆ అడవి ముక్కల్లో పశువులు మేసేవి, అడుగున పొదలు ఉండేవి కావు, మనిషి చూపు దూరంగా పోయేది. తర్వాత ఈ భూమి పార్కు అయింది. పశువులు పోయాయి, మేత ఆగింది, కొన్నిచోట్ల దున్నడం ఆగింది. ఏ చెట్టునీ ముట్టుకోకుండా ప్రేమగా కాపాడారు, కాపాడిన కొద్దీ పొదలు లేచాయి, పొదల్లోంచి చెట్లు లేచాయి, నూరేళ్ళకి పొలాలు అడవైపోయాయి. ఫిరంగులేమో పాతచోటే ఉన్నాయి. ఒక ఫిరంగి వెనక నిలబడి చూస్తే ఎదురుగా చెట్ల గోడ. ఆ గుట్ట మీదే ఫిరంగి ఎందుకు పెట్టారు, అక్కడినుంచి ఏం కనపడింది, ఏం కనపడలేదు, ఎవరు ఎవరిని చూడకుండానే నేరుగా వెళ్ళి తగిలారు అన్నది ఎవరికీ బోధపడదు. యుద్ధంలో చాలావరకు అదే కదా, ఎవరికి ఏం కనపడింది అన్నదే.

పార్కువాళ్ళు 1999లో ఒక పెద్ద ప్రణాళిక ఆమోదించారు. అందులో లెక్కలు చదివాక నాకు మొదటిసారి ఆ పని సైజు అర్థమైంది. యుద్ధంనాడు లేని చెట్లని దాదాపు 576 ఎకరాల్లో తీసేయాలి. అప్పుడు ఉండి తర్వాత పోయిన అడవిని 115 ఎకరాల్లో మళ్ళీ నాటాలి. 160 ఎకరాల పండ్లతోటలు మళ్ళీ వేయాలి. 39 మైళ్ళ కంచె మళ్ళీ కట్టాలి. అంటే కొట్టడం ఒక్కటే కాదు, నాటడం కూడా ఉంది. నేను చూసిన మొదళ్ళు సగం కథే అన్నమాట.

మరి ఎక్కడ ఏముండేదో వీళ్ళకెలా తెలుసు? నన్ను బాగా పట్టేసిన భాగం ఇదే. జనరల్ వారెన్ అని సైన్యంలో ఇంజినీరు ఉండేవాడు, ఆయన పర్యవేక్షణలో 1868, 69ల్లో ఈ నేలంతా సర్వే చేసి మ్యాప్ గీశారు. ఏ పొలం గట్టున ఏ రకం కంచె ఉందో కూడా అందులో ఉంది. యుద్ధమైన కొద్దిరోజులకే గార్డ్‌నర్, బ్రేడీ లాంటి ఫోటోగ్రాఫర్లు వచ్చి తీసిన ఫోటోలు ఉన్నాయి. ఇవి కాక, రైతులు నష్టపరిహారం కోసం పెట్టుకున్న అర్జీలు. నా కంచె ఇన్ని బారలు పోయింది, నా చెట్లు ఇన్ని పోయాయి, ఇంత గడ్డి పోయింది అని. అలా రాసుకున్నవాళ్ళలో ఏబ్రహం బ్రయన్ ఒకడు. నల్లజాతి రైతు, బానిస కాదు, సెమెటరీ రిడ్జ్ అనే గుట్ట మీద 12 ఎకరాల సొంత భూమి. దక్షిణాది సైన్యం వస్తోందంటే ఊళ్ళో నల్లవాళ్ళంతా పారిపోయారు, ఎందుకంటే దొరికినవాళ్ళని పట్టుకుని దక్షిణానికి బానిసలుగా తోలుకుపోతున్నారు. బ్రయన్ తిరిగొచ్చేసరికి ఇంటికి తూటాల తూట్లు, కంచెలు లేవు, పైరు లేదు. 1,028 డాలర్ల నష్టం జరిగిందని అర్జీ పెట్టుకుంటే ఇచ్చింది 15 డాలర్లు. ఆ సంఖ్య చదివిన రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. ఆయనకి డబ్బు తెచ్చిపెట్టని అలాంటి అర్జీల్లోని వివరాలే ఇప్పుడు ఎక్కడ ఏ కంచె ఉండేదో చెప్పే సాక్ష్యం.

వాలంటీరు పని ఫారం నింపడంతో మొదలైంది. తర్వాత ఒక శనివారం పొద్దున్నే రమ్మన్నారు. గట్టి బూట్లు, పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్, నీళ్ళ సీసా. సుమారు ఇరవైమందిమి, ఎక్కువమంది రిటైరైనవాళ్ళు, చీరకట్టుకుని గుడికి వెళ్ళాల్సిన శనివారం జీన్స్ వేసుకుని అక్కడ నిలబడింది నేనొక్కదాన్నే. పని మొదలెట్టే ముందు అరగంట జాగ్రత్తలు చెప్పారు. అందులో అన్నిటికంటే గట్టిగా చెప్పింది: నేలలో ఇనుప ముక్క కనిపించినా, సీసం గుండు కనిపించినా తీయకూడదు, ముట్టుకోకూడదు, ఉన్నచోటే వదిలేసి పిలవాలి. మెటల్ డిటెక్టర్ తెస్తే ఫెడరల్ నేరం. వస్తువు ఏ చోట ఉందన్నదే సమాచారం, జేబులోకి వెళ్ళగానే అది ఉత్త సీసం ముక్క.

మాకు ఇచ్చిన పని పాము కంచె. ఇంగ్లీషులోనూ దాన్ని పాము అని, పురుగు అని పిలుస్తారు, వంకరటింకరగా పోతుంది కాబట్టి. మన దడి లాగా గుంజలు పాతి కట్టేది కాదు. గొయ్యి తవ్వరు, మేకు కొట్టరు. చీల్చిన దుంగలు, ఒక్కోటి పదకొండు అడుగుల పైమాటే, ఒకదాని కొస మీద ఇంకోదాని కొస ఆనేలా జిగ్‌జాగ్‌గా పేర్చుకుంటూ పోవాలి. మూలల్లో అడుగున చదునైన రాయి పెడతాం, కట్టె నేలకి తగిలి చెమ్మ పీల్చకుండా. ఆ రోజుల్లో చెస్ట్‌నట్ కలప వాడేవాళ్ళు, ఏళ్ళతరబడి చెడేది కాదు. 20వ శతాబ్దం మొదట్లో తెగులొచ్చి అమెరికాలో చెస్ట్‌నట్ చెట్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, అందుకని ఇప్పుడు వేరే కలప.

చూడ్డానికి తేలికే. నలుగురం కలిసి మధ్యాహ్నం దాకా కష్టపడి మంచి వరస ఒకటి పేర్చాం, నా భుజాలు పడిపోయాయి, కానీ వెనక్కి నిలబడి చూసుకుంటే ఎంత ముచ్చటేసిందో. అప్పుడు మాకు పని చూపిస్తున్న పెద్దాయన వచ్చి మూలల కోణం చూసి తల అడ్డంగా ఊపాడు. మేం కోణం మరీ తగ్గించి కంచెని తిన్నగా లాగేశాం, గాలి గట్టిగా వీస్తే పడిపోతుంది, పైగా పాత ఫోటోలో ఉన్న వెడల్పు రాలేదు. మొత్తం విప్పించాడు. ఎవరూ నోరెత్తలేదు. మళ్ళీ పేర్చి ముగించేసరికి సాయంత్రం నాలుగున్నర. ఆ రోజు ఏడుపొచ్చినంత పనైంది గానీ, ఆయన చేసింది సరైన పని. పొలం గట్టు మీద కంచె ఆక్రమించే చోటు కూడా అప్పటిలా ఉండాలి, లేకపోతే కట్టడం ఎందుకు?

కంచె మీద ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే ఎమ్మిట్స్‌బర్గ్ రోడ్డు దగ్గరికి వెళ్ళాలి. యుద్ధం మూడో రోజు మధ్యాహ్నం, పికెట్ దాడి అంటారు, దక్షిణాది సైనికులు సుమారు 12,000 మంది ఏ మరుగూ లేని పొలాల్లో దాదాపు మైలు దూరం నడిచి వచ్చారు. దారిలో ఆ రోడ్డుకి రెండు పక్కలా గట్టి గుంజల కంచెలు. తోసేస్తే పడేవి కావు, ఎక్కి దిగాలి. ఎక్కేవాడు తుపాకులకి ఎదురుగా నిలబడ్డట్టే. కంచె లేకుండా ఆ పొలం చూస్తే చక్కని మైదానం, పరిగెత్తి దాటేయొచ్చు అనిపిస్తుంది. కంచె కట్టాక మా అమ్మాయిని అక్కడ నిలబెట్టాను. తను చేత్తో పై కర్ర పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాతి నెలల్లో చేసింది ఎక్కువగా పొదలు తీసే పని. చెట్లు కొట్టేది కాంట్రాక్టర్లు, మాకు రంపాలు ఇవ్వరు, కొమ్మ కత్తెరలే. ముళ్ళ గులాబీ, జపాన్ బార్బెర్రీ, ఐలాంథస్, ఇవన్నీ ఎక్కడెక్కడినుంచో వచ్చి ఇక్కడ పాతుకుపోయినవి. మన దగ్గర సర్కారు తుమ్మ ఎలాగో అలాగ. నరికితే వేరునుంచి నాలుగు లేస్తాయి. ఒకసారి తీసిన చోటికే రెండో ఏడు మళ్ళీ వెళ్ళాం. బాగుచేయడం అంటే ఒకసారి చేసి రిబ్బన్ కత్తిరించేది అనుకునేదాన్ని. కాదు. చెట్లు తీసిన చోట ఊరుకుంటే అయిదేళ్ళలో మళ్ళీ పొదే. అందుకే పొలాల్ని చుట్టుపక్కల రైతులకి సాగుకి ఇస్తారు, వాళ్ళు దున్నుకుని పంట తీసుకుంటారు, పార్కుకి నేల తెరిపిగా ఉంటుంది. కొన్నిచోట్ల జాగ్రత్తగా గడ్డికి నిప్పు పెట్టి కాలుస్తారు. ఇంకా జింకలు. జింకలు ఎక్కువై అడవి ముక్కల్లో మొలకల్ని మొలిచినట్టే తినేస్తుంటే 1995 నుంచి రాత్రిపూట మనుషుల్ని పెట్టి కాల్పించి సంఖ్య తగ్గిస్తున్నారు, ఆ మాంసం పేదల ఆహార కేంద్రాలకి ఇస్తారు. ఈ సంగతి విన్నప్పుడు నాకు బాధే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ జింకల్ని వదిలేస్తే 1863 నాటి అడవి ముక్కలు ముసలి చెట్లతోనే ఆగిపోతాయి, వాటి తర్వాత ఒక్క మొక్క మిగలదు.

కూల్చాల్సిన వాటి గొడవ వేరే. 1974లో ఒక ప్రైవేటు వ్యక్తి యుద్ధభూమి పక్కనే 307 అడుగుల టవర్ కట్టాడు, టికెట్ కొనుక్కుని పైకెక్కి చూడ్డానికి. ఏ పొలంలో నిలబడ్డా అదే కనపడేదట. ప్రభుత్వం ఆ స్థలం తీసుకుని 2000 జూలై 3న, యుద్ధం చివరి రోజు తేదీనే, పేల్చేసింది. దానికెవరూ పెద్దగా ఏడవలేదు. సైక్లోరమా బిల్డింగ్, అంటే యుద్ధాన్ని గుండ్రంగా చుట్టూ గీసిన పెద్ద చిత్రం పెట్టిన భవనం, అలా కాదు. 1962లో రిచర్డ్ నోయిట్రా అనే పేరున్న ఆర్కిటెక్ట్ కట్టింది, భవనాల్ని ప్రేమించేవాళ్ళు దాన్ని కాపాడాలని కోర్టుదాకా వెళ్ళారు, చివరికి 2013లో తీసేశారు. ఆ వాదనలు చదివితే రెండు పక్కలా న్యాయం కనిపించింది నాకు. అయినా అది నిలబడింది ఉత్తరాది సైన్యం బారులు తీరిన చోట, బ్రయన్ ఇంటికి కూతవేటు దూరంలో. బిల్డింగ్ ఎంత గొప్పదైనా అక్కడ కట్టకుండా ఉండాల్సింది. ఇప్పుడు ఆ చోట నేల మళ్ళీ సర్ది చెట్లు పెట్టారు, తెలియనివాళ్ళకి అక్కడేదో ఉండేదని కూడా తెలియదు.

అసలు ఇక్కడి భూమిని ప్రభుత్వం ఇలా తీసుకోవచ్చా అన్న వాదన కూడా పాతదే. 1890ల్లో ఒక ట్రామ్ కంపెనీ యుద్ధభూమి మధ్యనుంచే పట్టాలు వేసింది. 1896లో సుప్రీంకోర్టు, ఇలాంటి చోటుని కాపాడటం ప్రజాప్రయోజనమే, దానికోసం ప్రభుత్వం భూమి సేకరించవచ్చు అని తీర్పిచ్చింది. ఈ దేశంలో చారిత్రక స్థలాల్ని కాపాడే పనికి ఆ తీర్పు చాలా బలమిచ్చింది.

నేను అక్కడ ఉండగా జరిగిన పెద్ద పని లిటిల్ రౌండ్ టాప్‌ది. రాళ్ళ గుట్ట. యుద్ధం రెండో రోజు ఆ గుట్ట ఖాళీగా ఉందని పైకెక్కి కనిపెట్టి సైన్యాన్ని పరుగెత్తించింది ఆ మ్యాప్ వారెనే. అంతకుముందే ఆ గుట్ట పడమటి వాలు మీద చెట్లు కొట్టేసి ఉన్నాయి కాబట్టి ఆయనకి దూరం కనపడింది. అందుకే ఇప్పటికీ జనమంతా అక్కడికే ఎక్కుతారు, అంతమంది తొక్కి తొక్కి మట్టి కొట్టుకుపోయి వేళ్ళు బయటపడ్డాయి, కార్లకి చోటు ఉండేది కాదు, వీల్‌చైర్‌లో వచ్చినవాళ్ళు పైకి వెళ్ళే దారే సరిగ్గా ఉండేది కాదు. 2022 జూలై 26న మొత్తం మూసేశారు. ఏడాదిన్నర అన్నారు, రెండేళ్ళకి నెల తక్కువగా పట్టింది. ఆ మధ్యలో మా ఊరినుంచి వచ్చిన చుట్టాలందరికీ కిందనుంచే చూపించాల్సి వచ్చేది, వాళ్ళు నిరాశపడేవాళ్ళు. 2023 ఫిబ్రవరిలో తవ్వకానికి ముందు పరీక్ష చేస్తుంటే పేలని ఫిరంగి గుండు దొరికింది. అంతర్యుద్ధం నాటిదే, నూట అరవై ఏళ్ళు మట్టిలో ఉంది. సైన్యంలో బాంబుల పని చూసేవాళ్ళు వచ్చి తీసుకెళ్ళి పేల్చేశారు. ఆ వార్త విన్నాక, ముట్టుకోకుండా పిలవండి అని మొదటి రోజు చెప్పిన మాట గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. ఎన్ని శనివారాలు ఆ చుట్టుపక్కల మోకాళ్ళ మీద కూర్చుని పొదలు పీకానో.

2024 జూన్ 24న తెరిచారు. ఆ వేసవిలోనే నాన్న వచ్చారు. మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు, నాన్న జీవితమంతా వ్యవసాయమే. 1757 జనవరి 24నాటి బొబ్బిలి యుద్ధం మాకు ఉగ్గుపాలతో పోసిన కథ, తాండ్ర పాపారాయుడి పేరు చెప్తే నాన్న గొంతు మారిపోతుంది. స్తూపం దగ్గరికి స్కూల్లో ఉండగా తీసుకెళ్ళారు కూడా. కానీ ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు ఎటు నిలబెట్టాడు, కోటలోంచి ఎంత దూరం కనపడేది, చుట్టూ ఊళ్ళలో రైతులు ఎవరు, ఇవి మాకు నేల మీద నిలబెట్టి ఎవరూ చూపించలేదు. అది నాకు ఇప్పుడు చాలా లోటుగా ఉంది.

నాన్నని కొత్త దారిలో నెమ్మదిగా గుట్టపైకి ఎక్కించాను, మోకాళ్ళ నొప్పులున్నా ఎక్కగలిగారు. పైనుంచి పొలాలు చూసి, "ఏం పంటమ్మా అది?" అన్నారు. ఆయనకి యుద్ధం కంటే అదే ముందు. తర్వాత లీస్టర్ ఇంటికి తీసుకెళ్ళాను. లిడియా లీస్టర్ భర్త పోయిన ఆవిడ, పిల్లలతో ఉండేది, జనరల్ మీడ్ ఆ రెండు గదుల ఇంటినే హెడ్‌క్వార్టర్స్ చేసుకున్నాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి వాకిట్లో పదిహేడు చచ్చిన గుర్రాలు, నీళ్ళ ఊట పాడైపోయింది. పరిహారానికి గతిలేక చివరికి ఆ ఎముకలు అమ్ముకుంది.

నాన్న చాలాసేపు ఆ ఇంటి చుట్టూ తిరిగారు. "మరి ఆ ఏడు తిండి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "గుర్రాన్ని పూడ్చాలంటే ఎంత గొయ్యి కావాలో తెలుసా, ఒక్కత్తీ ఎలా చేసిందో" అని తనలో తానే అనుకున్నారు. ఇన్నేళ్ళలో నేను ఆ గుర్రాల సంగతి ఎంతమందికి చెప్పానో, గొయ్యి గురించి ఎవరూ అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు మేం పేర్చిన కంచె చూపించాను. నాన్న అడుగు కర్ర కిందకి చెయ్యి పోనిచ్చి చూశారు. "ఇక్కడ రాయి జారింది, చెమ్మ తగులుతోంది, ఇంకో రెండేళ్ళు" అన్నారు. నేను ఫోటో తీసి పార్కులో మా పనులు చూసేవాళ్ళకి పంపించాను. ఏప్రిల్‌లో వాలంటీర్ల రోజున ఆ వరస అడుగు కర్రలు మారుస్తామన్నారు. మా అమ్మాయి పేరు కూడా ఈసారి రాయించాను, వయసు సరిపోతుంది. మా కమ్యూనిటీ నుంచి ఇంకో ఇద్దరు వస్తామన్నారు, వస్తే నలుగురం ఒకే మూల మీద పనిచేయొచ్చు.